క్లోరిన్ రీడింగ్ బాగానే ఉంది, అయినా పూల్ పచ్చబడుతోంది. కారణం ఏమై ఉంటుంది?

మామిడితోట_మొయినాబాద్:

అందరికీ నమస్కారం. మొయినాబాద్ దగ్గర మాకు ఒక మామిడితోట, అందులో ఇల్లు, ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ ఉన్నాయి. పూల్ 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు. లోతు ఒక పక్క మూడున్నర అడుగులు, రెండో పక్క అయిదున్నర. శాండ్ ఫిల్టర్, ఒక హెచ్‌పీ మోటారు. నీళ్లు మా బోరువే. కట్టి రెండేళ్లు దాటింది.

మొదట్లో లోతు పక్కన నిలబడి చూసినా అడుగున టైల్స్ మధ్య గీతలు స్పష్టంగా కనబడేవి. ఈ ఎండాకాలం చివర నుంచి వేపచెట్టు నీడ పడే గోడకు చెయ్యి పెడితే జారడం మొదలైంది. బ్రష్‌తో రుద్దితే ఆకుపచ్చగా పొగలా లేచి నీళ్లలో కలిసిపోతుంది, మర్నాటికి గోడ మళ్లీ అలాగే ఉంటుంది. తొలకరి వానలు పడ్డాక గోడలే కాదు, నీళ్లన్నీ పచ్చబడ్డాయి. ఇప్పుడు లోతు పక్క అడుగు కనబడటం లేదు.

మా దగ్గర రెండు గొట్టాల టెస్ట్ కిట్ ఉంది, క్లోరిన్‌కు పసుపు రంగు, పీహెచ్‌కు ఎరుపు వచ్చేది. క్లోరిన్ 3 చూపిస్తోంది, పీహెచ్ 7.4. కిట్ మీదున్న చార్టు ప్రకారం రెండూ సరిగ్గానే ఉన్నాయి. మా వాచ్‌మన్ రోజూ సాయంత్రం 200 గ్రాముల టీసీసీఏ 90 అనే క్లోరిన్ పొడి తూకం వేసి మరీ కలుపుతాడు. ఆ పని ఎప్పుడూ మానలేదు. ఫిల్టర్ రోజుకు ఆరేడు గంటలు తిరుగుతుంది.

పూల్ కట్టినవాళ్లను అడిగితే ఆల్గిసైడ్ (పాచిని చంపే మందు) డబ్బాలు పంపించారు. వేసినప్పుడు నాలుగు రోజులు తగ్గింది, మళ్లీ మొదటికొచ్చింది. ఇంకొకాయన పూల్ మొత్తం ఖాళీ చేసి యాసిడ్‌తో కడిగించమంటున్నాడు. బోరు ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది, అన్ని నీళ్లు పారబోయడానికి మనసు ఒప్పడం లేదు. వచ్చే నెల మా చెల్లెలి పిల్లలు వస్తున్నారు. చిన్నదానికి చర్మం సున్నితం, ఊరికే దద్దుర్లు లేస్తాయి. అందుకే క్లోరిన్ ఇంకా పెంచాలంటే భయంగా ఉంది.

క్లోరిన్ సరిపోయిందని కిట్ చెబుతుంటే పాచి ఎలా పడుతోందండీ? తెలిసినవాళ్లు చెప్పగలరు.

ద్రాక్షతోట_రైతు:

అన్నా, ఇంత ఆలోచన ఎందుకు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయండి. మా నీళ్ల తొట్టిలో పాచి పడితే మేం అదే వేస్తాం, రెండో రోజుకు నీళ్లు తేటగా అయిపోతాయి. కిలో సరిపోతుంది. తర్వాత పటిక కొడితే మురికంతా అడుక్కి దిగుతుంది. రెండూ ఎరువుల కొట్లో, కిరాణా కొట్లో దొరికేవే.

నీళ్లపని:

మామిడితోట గారూ, ఆ మైలుతుత్తం మాత్రం దయచేసి వేయకండి. ఎందుకో కింద చెబుతాను.

నేను శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌లలో పూల్స్ చూసుకుంటూ ఉంటాను. వానలు మొదలవగానే నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇలాంటివే. మీ వాచ్‌మన్ పని సరిగ్గా చేస్తున్నాడు, కిట్ కూడా సరిగ్గానే చెబుతోంది. నీళ్లలో క్లోరిన్ 3 పీపీఎం (పది లక్షల పాళ్లకు మూడు పాళ్లు) నిజంగానే ఉంది. కానీ ఆ మూడింట్లో పాచి మీద పనిచేసే భాగం ఎంత అన్నది ఆ కిట్‌కు తెలియదు.

టీసీసీఏ అంటే ఒట్టి క్లోరిన్ కాదండీ. క్లోరిన్‌ను సయన్యూరిక్ యాసిడ్‌తో కలిపి గట్టిపరిచిన మందు. ఈ సయన్యూరిక్ యాసిడ్‌నే మేం స్టెబిలైజర్ అంటాం. ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా పట్టి ఉంచడం దాని పని. 30 నుంచి 50 పీపీఎం వరకు ఉంటే మంచిదే. అసలు లేకపోతే మన ఎండలకు పొద్దున వేసిన క్లోరిన్ మధ్యాహ్నం దాకా కూడా నిలవదు. చిక్కు ఎక్కడంటే, క్లోరిన్ రోజూ ఖర్చవుతుంది, స్టెబిలైజర్ దాదాపుగా ఖర్చవదు. ఫిల్టర్ దాన్ని ఆపదు. నీళ్లు ఆవిరైనా అది పూల్‌లోనే ఉంటుంది. బ్యాక్‌వాష్‌లో, అంటే నీళ్లు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడిగేటప్పుడు, పోయిన నీళ్లతో పోయినంతే. మీరేమో రోజూ ఇంకాస్త వేస్తున్నారు.

మీ పూల్ లెక్కే వేద్దాం. సగటు లోతు నాలుగున్నర అడుగులు అనుకుంటే మొత్తం 57,000 లీటర్లు. 200 గ్రాముల టీసీసీఏ అంటే రోజుకు సుమారు 3 పీపీఎం క్లోరిన్. టీసీసీఏతో 10 పీపీఎం క్లోరిన్ వేస్తే దాని వెంట 6 పీపీఎం స్టెబిలైజర్ వస్తుంది. ఈ లెక్కన మీ పూల్‌లో స్టెబిలైజర్ రోజుకు దాదాపు 2 పీపీఎం, నెలకు 50 పైనే పెరుగుతోంది. ఇది మొదలై ఎన్నాళ్లయిందో మీరే చూసుకోండి.

పాచి పట్టకుండా ఉండాలంటే క్లోరిన్ ఎప్పుడూ స్టెబిలైజర్‌లో కనీసం ఏడున్నర శాతం ఉండాలి. స్టెబిలైజర్ 40 ఉంటే క్లోరిన్ 3 చాలు. అదే 200 ఉంటే 15 కావాలి. అందుకే మొదటి ఏడాది పనిచేసిన 3 ఇప్పుడు పనిచేయడం లేదు. చార్టు మీద రాసిన అంకె మారలేదు, నీళ్లు మారిపోయాయి.

ముందు స్టెబిలైజర్ టెస్ట్ చేయండి. కిట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అందులో అడుగున నల్ల చుక్క ఉన్న సన్నటి గొట్టం ఉంటుంది. పూల్ నీళ్లు, కిట్‌తో వచ్చే ద్రావకం సమంగా కలిపి కాసేపు ఆగితే నీళ్లు పాలరంగుకు మారతాయి. ఆరుబయట సూర్యుడికి వీపు పెట్టి నిలబడండి. గొట్టాన్ని నడుము ఎత్తులో పట్టుకుని ఆ నీళ్లు మెల్లగా పోస్తూ పైనుంచి చూడండి. చుక్క ఎక్కడ కనబడకుండా పోతుందో అక్కడ ఆపి గీత చదవండి. గొట్టంలో కింది వైపు ఉండే 100 గీత రాకముందే చుక్క మాయమైతే, ఒక వంతు పూల్ నీళ్లకు మూడు వంతులు ఆర్వో నీళ్లు కలిపి మళ్లీ చూసి, వచ్చిన అంకెను నాలుగుతో గుణించండి.

ఇక మైలుతుత్తం. రైతు గారూ, మీకు బోర్డో మిశ్రమం కలపడం అలవాటే కదా. తుత్తం నీళ్లలో సున్నం తేట పోయగానే రాగి నీలం ముద్దలా విడిపోతుంది చూశారా. మన బోరు నీళ్లలో క్షారం ఎక్కువ, పూల్‌లోనూ రాగి అలాగే విడిపోయి టైల్స్ మధ్య తెల్ల సిమెంటు గీతల్లో కూర్చుంటుంది. ఆ నీలిపచ్చ మరకలు ఎంత రుద్దినా పోవు. నీళ్లలో మిగిలిన రాగి పిల్లల జుట్టుకు పట్టి ఆకుపచ్చ ఛాయ వస్తుంది. తొట్టి నీళ్లలో ఎవరూ ఈత కొట్టరు కాబట్టి అక్కడ సరిపోతుంది. ఇంకోటి, మొయినాబాద్ నీళ్లు పారేది గండిపేట, హిమాయత్ సాగర్ వైపు. రాగి చేపలకు విషం. పూల్ నీళ్లు ఏదో ఒకరోజు బయటికి వదలక తప్పదు కదా.

పటిక మంచిదే, కానీ అది పాచిని చంపదు. చచ్చిన పాచిని ముద్దకట్టి అడుక్కి దింపుతుంది. దాని వంతు తర్వాత.

మామిడితోట గారూ, ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. అడుగున జాలీ కనబడనంత కాలం పూల్‌లోకి ఎవరినీ దిగనివ్వకండి. పాచి సంగతి అటుంచండి, అందులో ఎవరైనా మునిగితే పైనుంచి కనబడరు.

ప్లేనో_నుంచి:

మాది టెక్సస్. ఇక్కడ మన తెలుగువాళ్ల ఇళ్లలో పూల్ ఉన్నవాళ్లు చాలామందే. పొడి బదులు మూడు అంగుళాల టాబ్లెట్లు వాడతారు, తేలే డబ్బాలో పెట్టి వదిలేయడమే. మందు మాత్రం అదే, టీసీసీఏనే ఇక్కడ ట్రైక్లోర్ అంటారు. అందుకే జులై ఎండల్లో ఇక్కడా ఇదే గోల. నేను టాబ్లెట్లు మానేసి లిక్విడ్ క్లోరిన్‌కు మారాక ఆల్గిసైడ్ కొనే అవసరం రాలేదు. ఊరికి వెళ్లినప్పుడు మాత్రం నాలుగు టాబ్లెట్లు వేసి వెళతాను. దాన్ని శత్రువులా చూడక్కర్లేదు, రోజువారీ తిండి చేయకూడదు, అంతే.

కెమిస్ట్రీ_టీచరు:

నీళ్లపని గారు చెప్పింది సరైన మాట. మామిడితోట గారి భయం గురించి కొంచెం, పీహెచ్ గురించి కొంచెం చెబుతాను.

అమ్మాయి చర్మం గురించి మీరు దిగులుపడుతున్నారు, అర్థం చేసుకోగలను. పూల్ దగ్గర ఘాటు వాసన వచ్చి కళ్లు మండితే క్లోరిన్ ఎక్కువైందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు జరిగేది వేరు. చెమట, మూత్రంలో ఉండే నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిసి క్లోరమైన్లు తయారవుతాయి. ఘాటు, మంట వాటివి. వాటిని విరగ్గొట్టాలంటే క్లోరిన్ ఇంకాస్త కావాలి. పచ్చటి నీళ్లలో తక్కువ క్లోరిన్‌తో ఈదడం కన్నా, తేట నీళ్లలో తగినంత క్లోరిన్‌తో ఈదడమే పాపకు మేలు. దిగేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి మంచినీళ్లతో స్నానం చేయించండి. అయినా దద్దుర్లు వస్తే డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు పీహెచ్. మీ పూల్‌లో 7.4 చూసి మురిసిపోకండి. మన బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ. ఆ నీళ్లు బయటికొచ్చి గాలి తగిలితే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ దానంతట అదే పైకి పోతుంది. ఫౌంటెన్ ఉంటే ఇంకా తొందరగా. ఇన్నాళ్లూ దాన్ని కిందికి లాగి పట్టింది టీసీసీఏ, అది బాగా ఆమ్లగుణం ఉన్న మందు. మీరు అది మానేసి లిక్విడ్ క్లోరిన్‌కు, అంటే హైపోకు (సోడియం హైపోక్లోరైట్) మారిన వారంలోనే పీహెచ్ 8 వైపు నడుస్తుంది. అప్పుడు హైడ్రోక్లోరిక్ యాసిడ్ కావాలి. హార్డ్‌వేర్ షాపులో బాత్రూమ్ కడగడానికి అమ్మే పసుపు రంగు యాసిడ్ వద్దు. ఆ పసుపు చాలావరకు ఇనుముది, పూల్‌లో మరకలు తెస్తుంది. రంగులేనిది అడిగి తీసుకోండి. ఒకసారికి అర లీటరు మించకుండా, ఫిల్టర్ తిరుగుతున్నప్పుడు నీళ్లు బయటికొచ్చే చోట సన్నగా పోయండి. నాలుగు గంటలు ఆగి మళ్లీ చూడండి. పీహెచ్ 7.2, 7.6 మధ్య ఉంటే చాలు.

బ్లీచింగ్ పౌడర్ చవక కదా అని అటు వెళ్లకండి. అందులో కాల్షియం, సున్నం ఉంటాయి. మీ నీళ్లు ఎలాగూ కఠినమైనవే, వాటికి ఇంకా కాల్షియం కలిపితే నీళ్లు తెల్లగా మసకబారతాయి, టైల్స్ మీద తెల్లగా పొర కడుతుంది.

నీళ్లపని:

టీచరు గారూ, బ్లీచింగ్ మాట మీరెత్తారు కాబట్టి ఇది ఇప్పుడే చెప్పాలి.

టీసీసీఏ, బ్లీచింగ్ పౌడర్ రెండూ క్లోరిన్ మందులే కదా అని ఒకే బకెట్లో, ఒకే మగ్గుతో కలపడం నేను కళ్లారా చూశాను. ప్రాణం మీదికొస్తుందండీ. రెండూ కలిస్తే, అందులో కాస్త తడి తగిలితే వేడెక్కి మంట లేస్తుంది, విషవాయువు వస్తుంది, పేలిపోవచ్చు కూడా. అలాగే హైపోలో యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్. మోటారు గదిలో యాసిడ్ ఒక పక్క, క్లోరిన్ మందు ఇంకో పక్క కాదు, వేరే వేరే చోట్ల పెట్టించండి. దేని మగ్గు దానికే. ఎప్పుడూ నీళ్లలో మందు పోయాలి, మందులో నీళ్లు పోయకూడదు. ఇది మీ వాచ్‌మన్‌కు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. ఆ గదిలోకి రోజూ వెళ్లేది అతనే. కళ్లద్దాలు, గ్లవ్స్ కొనివ్వండి.

మామిడితోట_మొయినాబాద్:

అందరికీ చాలా థాంక్స్. కిట్ తెప్పించి టెస్ట్ చేశాను. గొట్టంలో కొంచెం పోయగానే చుక్క కనబడకుండా పోయింది. మీరు చెప్పినట్టు నాలుగింట ఒక వంతు చేసి చూస్తే 60 దగ్గర ఆగింది. అంటే 240. ఇది ఎవరూ మాకు చెప్పలేదండీ, పొడి అమ్మినవాళ్లు కూడా.

టీసీసీఏ ఆ రోజే ఆపించాను. బస్తా తాళం వేసి పెట్టాం. మందుల గది మొత్తం సర్దించాను, యాసిడ్ డబ్బాలు ఇప్పుడు షెడ్డులో విడిగా ఉన్నాయి.

ఇక రెండు సందేహాలు. 240ని తగ్గించే మందు ఏదైనా ఉందా, లేక నీళ్లు మార్చాల్సిందేనా? మార్చాలంటే ఆ నీళ్లు మామిడిచెట్లకు పెట్టొచ్చా? ఒక్క చుక్క వృథా అయినా మా నాన్నగారు ఒప్పుకోరు, ఆయన ఈ తోట కావడితో నీళ్లు మోసి పెంచారు.

నీళ్లపని:

నాన్నగారికి నమస్కారాలు చెప్పండి. ఆయన ఒప్పుకునేలాగే చేద్దాం.

స్టెబిలైజర్‌కు నమ్మదగ్గ మందు లేదు, నీళ్లు మార్చడమే. కానీ మొత్తం ఖాళీ చేయకండి. వానాకాలంలో భూమిలో నీళ్లు పైకి వస్తాయి, లోపల బరువు లేకపోతే కింది నుంచి ఆ ఒత్తిడికి పూల్ అడుగు పగలొచ్చు. సగం తీసి నింపండి, 240 కాస్తా 120 అవుతుంది. ఒక రోజు ఫిల్టర్ తిప్పి మళ్లీ సగం తీసి నింపితే 60. 50కి కాస్త పైనే అయినా అక్కడ ఆపేయొచ్చు. ఒక్కో సగం 28 వేల లీటర్ల పైచిలుకు, టాంకర్లతో అయితే 5,000 లీటర్లవి ఆరు. తొందర లేకపోతే వాననే వాడుకోండి. మీ పూల్ మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4,000 లీటర్లు ఊరికే వస్తాయి, పైగా అందులో కాఠిన్యం ఉండదు. ముసురు పట్టేముందు నీళ్లు తీసి ఉంచితే ఆ మేరకు బోరుకు విశ్రాంతి.

చెట్లకు పెట్టే ముందు క్లోరిన్ సున్నాకు దిగాలి. టీసీసీఏ ఆపారు కాబట్టి దానంతట అదే దిగుతుంది, స్టెబిలైజర్ ఎక్కువగా ఉంది కనుక కొంచెం నెమ్మదిగా. ఈలోగా పూల్ ఇంకా పచ్చబడుతుంది, కంగారుపడకండి. కిట్‌లో పసుపు రంగు ఏమాత్రం రానప్పుడు పెద్ద చెట్ల పాదులకు పంచి పెట్టండి. ఒకే చెట్టుకు పోయొద్దు. ఈ ఏడాది నాటిన మొక్కలకు వద్దు.

నీళ్లు మారాక మళ్లీ టెస్ట్ చేసి, 60 వచ్చిందనుకుందాం. ముందు పీహెచ్ 7.2కు తెండి, తర్వాత కుదరదు. క్లోరిన్ 10 దాటితే పీహెచ్ రీడింగ్‌ను నమ్మలేం. అప్పుడు లిక్విడ్ సోడియం హైపోక్లోరైట్. స్టెబిలైజర్‌లో 40 శాతం, అంటే 24 పీపీఎం దాకా క్లోరిన్ ఎక్కించాలి. 10 శాతం హైపో అయితే మీ పూల్‌కు 14 లీటర్లు. కాన్ మీద 10 అని రాసి ఉన్నా ఎండలో వచ్చిన సరుకులో బలం తగ్గి ఉంటుంది, కాబట్టి పోసి, గంట తిప్పి, రీడింగ్ చూసి మిగతాది పోయండి. మీ పసుపు రంగు కిట్ ఇంత పైకి చదవలేదు. చుక్కల కిట్ ఒకటి కొనండి. అందులో నీళ్లు గులాబీ రంగుకు మారతాయి, ఆ రంగు పోయేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. 10 మిల్లీలీటర్ల నీళ్లకు ఒక్కో చుక్క అర పీపీఎం.

ఒకసారి ఎక్కించి వదిలేస్తే లాభం లేదు. పాచి క్లోరిన్‌ను తినేస్తూ ఉంటుంది, ఉదయం సాయంత్రం చూసి మళ్లీ 24కు తేవాలి. ఫిల్టర్ ఆపకండి. రోజూ బ్రష్ కొట్టించండి, గోడలే కాదు, నిచ్చెన వెనక, లైటు చుట్టూ, స్కిమ్మర్ మూత లోపల కూడా. మనం మర్చిపోయే ఆ చోట్ల నుంచే పాచి తిరిగొస్తుంది. ఫిల్టర్ మీద ప్రెషర్ మామూలు కన్నా 8, 10 పీఎస్‌ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చేయించండి. రెండు మూడు రోజుల్లో పచ్చ పోయి బూడిదరంగు మసక మిగులుతుంది. అది చచ్చిన పాచి. అప్పుడు కావాలంటే రైతు గారి పటిక వాడండి. నీళ్లలో కరిగించి పోసి, వాల్వ్ రీసర్క్యులేట్‌లో (నీళ్లు ఇసుకలోకి పోకుండా తిరిగేలా) పెట్టి కాసేపు తిప్పి, రాత్రంతా మోటారు ఆపండి. పొద్దున అడుగున పేరుకున్నదాన్ని వేస్ట్ లైనులోకి వాక్యూమ్ చేయాలి. ఫిల్టర్‌లోకి పంపితే ఇసుక గడ్డకడుతుంది.

పాచి పూర్తిగా పోయిందా లేదా అన్నది కంటికి తెలియదు. పొద్దుగూకాక ఒక రీడింగ్, ఎండ పడకముందే ఇంకో రీడింగ్ తీయండి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి క్లోరిన్ తగ్గిందంటే దాన్ని ఏదో తింటున్నట్టే. తేడా 1 పీపీఎం లోపు ఉంటే పని అయినట్టు. అంతకన్నా ఎక్కువ ఉంటే నీళ్లు ఎంత తేటగా కనబడినా ఆపకండి.

తర్వాత రోజూ సాయంత్రం లీటరున్నర హైపో, రీడింగ్‌ను బట్టి కాస్త అటూ ఇటూ. క్లోరిన్ 5, 7 మధ్య ఉంచండి. హైపో నీడలో పెట్టించి, రెండు వారాలకు సరిపడా మాత్రమే కొనండి. పిల్లలు వచ్చేసరికి టైము ఉంది. ఆ రాత్రి రీడింగూ పొద్దుటి రీడింగూ ఇక్కడ పెట్టండి, చూసి ఆపొచ్చో లేదో చెబుతాను.